ఒకే మొగం, నాలుగు రంగులు

మునిరామయ్య ఆల్బమ్‌ను తువ్వాలలో చుట్టుకొని ఏర్పేడు నుంచి బస్సెక్కి వచ్చాడంటేనే స్టూడియోలో అందరికీ సంగతి అర్థమైపోయింది. బాగున్న ఆల్బమ్‌ను ఎవరూ తిరిగి మోసుకురారు. ఆయన తువ్వాల విప్పి, ఆల్బమ్‌ను కౌంటర్ మీద పెట్టి, ముహూర్తం పేజీ తెరిచాడు.

“అప్పా శ్రీనివాసులూ, పెండ్లి చేసుకున్నింది మా ప్రసన్నకుమారి. ఈ పుస్తకంలో కూర్చోనుండే పాప ఎవరో నాకు తెలీదు.”

స్టూడియో యజమాని శ్రీనివాసులు కళ్లద్దాలు పైకి జరుపుకొని చూశాడు. పక్కన కెమెరా సంచికి జిప్పు లాగుతున్న ఆదిమూలం కూడా మెడ చాచాడు.

“మొగం నీలంగా లేదూ? చలికాలం తెల్లారుజామున బావిలో మునిగి లేచినట్లు ఉండాది. తలంబ్రాలు సూడు. మా ఆడోళ్లు చేతులు పచ్చబడేట్టు పసుపు కలిపిన బియ్యం ఇవి. ఈడ సున్నం మాదిరి ఉండాయి. పసుపు యాడికి పోయింది?”

“కెమెరాలో ఉన్నింది పెద్దాయనా,” అన్నాడు ఆదిమూలం వెంటనే. “నేను తీసింది తీసినట్లే ఉండాది. పోయింది లోపల.”

లోపల అంటే లోపలి గది. లోపలి గది అంటే నిస్సీ.

ఆమె తలుపు వెనక నిలబడి అంతా వింటూనే ఉంది. బయటికి రాలేదు. వచ్చినా ఏం మాట్లాడాలో తెలియదు. నిస్సీకి ఇరవై రెండేళ్లు. ఇంటర్ రెండో ఏడాదిలో కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన మేడమ్ అడిగిన ప్రశ్నకు జవాబు తెలిసి కూడా నోరు తెరవలేక, బల్ల అంచు పట్టుకొని నిలబడిపోయిన పిల్ల ఆమె. ఆ ఏడాదే గోదాములో మూటలు మోసే నాయనకు నడుము పట్టేసింది. చదువు అక్కడితో ఆగింది. రేణిగుంటలో ఈ స్టూడియోకు ఊడ్చి తుడవడానికి వచ్చి, ఆల్బమ్‌లకు అట్టలు అతికించడం నేర్చుకుంది. అప్పుడున్న డిజైనర్ వెనకాల నిలబడి ఏడాది పాటు అతని చేతినే చూసింది. అతను పెండ్లి చేసుకొని వేరే ఊరు వెళ్లిపోయిన మరుసటి రోజు, ఎవరూ చెప్పకుండానే ఆ కుర్చీలో కూర్చొని సగంలో ఆగిన ఆల్బమ్‌ను పూర్తి చేసింది. శ్రీనివాసులు చూసి, “అట్లనే కానీమ్మా” అన్నాడు. అప్పటి నుంచి ఆ కుర్చీ ఆమెది. ఎదురుగా తెర, తలుపు మూత, మాట్లాడాల్సిన మనిషి లేడు. ఫోటోల్లో మనుషులు ఎంతసేపు చూసినా తిరిగి ఏమీ అడగరు.

మునిరామయ్య వెళ్లాక శ్రీనివాసులు లోపలికి వచ్చాడు. కూర్చోలేదు.

“సోమవారానికి కొత్తది ఇస్తానని చెప్పినాను. ఇది మూడో మాట పడడం, నిస్సీ. ఈసారి కూడా రంగు కుదరకపోతే ఆల్బమ్‌ల పని తిరుపతిలో ఇంకొకరికి ఇచ్చేస్తాను. నిన్నేం పొమ్మనడం లేదు. కౌంటర్‌లో కూర్చో. పాస్‌పోర్టు ఫోటోలు, జిరాక్సులు, వచ్చేపోయేవాళ్లకు జవాబు చెప్పుకోవడం.”

పొమ్మన్నా ఇంత భయపడేది కాదేమో. వచ్చేపోయేవాళ్లకు జవాబు చెప్పుకోవడం అన్న మాట వినగానే ఆమె బల్ల అంచు పట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే ప్రసన్నకుమారి ఫోటోను మళ్లీ తెర మీదికి తెచ్చుకుంది. మొగం చామనచాయ, బుగ్గన పసుపు, ఒడిలో పచ్చని తలంబ్రాలు. అన్నీ ఉండాల్సినట్లే ఉన్నాయి. అదే ఫోటోను పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ముందు గదిలో శ్రీనివాసులు మానిటర్‌లో పెట్టింది. నీలం! ఆదిమూలం ల్యాప్‌టాప్‌లో పెట్టింది. అక్కడ నీలం కొంచెం తక్కువ, కానీ చీర మెరుపు పోయి పిండి జల్లినట్లుంది. తన ఫోన్‌లో చూసింది. అక్కడ పెండ్లికూతురు బుగ్గలు దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. ఒకే మొగం, నాలుగు చోట్ల నాలుగు రంగులు. ఇందులో నిజమైనది ఏది?

“ఏం నిస్సమ్మా, పెండ్లికూతుర్ని ఊరేగిస్తాండావా?” అన్నాడు ఆదిమూలం. “కండ్లాసుపత్రికి పోయి అద్దాలు పెట్టించుకో. లేదా కొంచెం పసుపు ఎక్కువ కొట్టెయ్, సరిపోతాది.”

సరిపోలేదు. మంగళవారం పసుపు పెంచి తిరుపతి ల్యాబ్‌కు ఒక్క పేజీ పంపి ప్రింటు తెప్పిస్తే, పెండ్లికూతురికి కామెర్లు వచ్చినట్లయింది. ల్యాబ్ వాళ్లు ఫోన్‌లో కొట్టినట్లు చెప్పారు: మా మిషన్ సరిగానే ఉండాది, మీ తెరలు చూసుకోండి అని.

బుధవారం ఆమె మానిటర్ కింద ఉన్న బొత్తాలన్నీ నొక్కి చూసింది. వెలుతురు పెంచింది, తగ్గించింది. కాంట్రాస్టు మార్చింది. ముందు గదిలో తెరను చూసి, రంగు గుర్తుపెట్టుకొని, పరుగున లోపలికి వచ్చి తన తెరను దానికి దగ్గరగా తెచ్చేది. నాలుగడుగులు నడిచేలోగా గుర్తుపెట్టుకున్న రంగు కరిగిపోయేది. పదిసార్లు తిరిగింది. ముందు గదిలో ఎండ వాలగానే శ్రీనివాసులు తెరే మారినట్లు కనిపించి, మొదటికొచ్చింది.

ఒక్కటి మాత్రం ఆమె కనిపెట్టింది. సాఫ్ట్‌వేర్‌లో తలంబ్రాల మీద బాణం గుర్తు పెడితే, ఆ రంగులో ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత అని మూడు అంకెలు చూపిస్తుంది. ఆ అంకెలు మూడు కంప్యూటర్లలోనూ ఒకటే. ఫోటో మారడం లేదు. చూపించేది మారుతోంది. చూపించే వాటిల్లో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది. ఆ అబద్ధం తన ఎదురుగానే ఉందేమోనని ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని కూడా కుదురు లేదు. వాళ్లమ్మ సంతోషమ్మ, “ఏమే, కంచంలో ఏం రంగు ఎతుకుతాండావు?” అని మందలించింది.

గురువారం ల్యాబ్ నుంచి రూపేష్ వచ్చాడు. తమ దగ్గర ప్రింట్లు వేయించే స్టూడియోలకు తిరిగి తెరలు సరిచేసి పోవడం అతని పని. సంచిలోంచి అరచేయంత నల్లటి పరికరం తీశాడు. కింద మెత్తటి దిండు, మధ్యలో గాజు కన్ను.

“దీన్ని తెరకు ఆనిస్తాం. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు వరసగా చూపిస్తాది. తెలుపు నిజంగా తెలుపేనా అని ఇది కొలుస్తాది,” అన్నాడు. “మన కన్ను మంచిదే గానీ, దానికి అలవాటు పడే గుణముండాది. రోజూ కొంచెం కొంచెం పసుపయ్యే గోడను మనం తెల్లగోడే అనుకుంటాం. దీనికి ఆ అలవాటు లేదు.”

శ్రీనివాసులు తెరకు పది నిమిషాలు, ఆదిమూలం ల్యాప్‌టాప్‌కు పది నిమిషాలు పట్టింది. రెండింటిలో ఫోటో దాదాపు ఒక్కలాగే కనబడింది. ఆదిమూలం ఈల వేశాడు. తర్వాత లోపలి గది. నిస్సీ కుర్చీ వదిలి గోడకు ఆనుకొని నిలబడింది. పరికరం తెర మీద వేలాడుతూ ఉంటే, దాని కింద రంగులు వెలిగి ఆరుతున్నాయి. రూపేష్ అంకెలు చూసి నోరు చప్పరించాడు.

“వెలుతురు సగం లేదు సార్. తెలుపంతా పసుపు తిరిగిపోయిండాది. లాగినంత మేరకు లాగినాను. ఇంతకు మించి రాదు. ముసలి మానిటర్. దీనిమీద ఆల్బమ్ పని చేయొద్దు.”

శ్రీనివాసులు నిట్టూర్చాడు. “అయితే అంతే. ఈ ఆల్బమ్ బయటికి ఇచ్చేద్దాం. నిస్సీ, రేపటి నుంచి కౌంటర్‌కు వచ్చెయ్.” రూపేష్ పరికరాన్ని లాగి గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. ముగ్గురూ ఎదురుగా ఉన్న టీ బంకుకు వెళ్లారు.

గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయింది. తెర మధ్యలో, పరికరం దిండు ఆనిన చోట, గుండ్రటి మచ్చ. మచ్చ నల్లగా లేదు. చుట్టూ ఉన్న తెరకంటే తెల్లగా ఉంది. దాని పక్కన వేలితో మెల్లగా గీసింది. వేలు జారిన దారి వెంట తెల్లటి గీత పడింది. వేలికొనకు లేత గోధుమ రంగు జిడ్డు అంటుకుంది. వాసన చూసింది.

సాంబ్రాణి.

ఆమె తల పైకెత్తింది. తెరకు నేరుగా పైన, గోడకు కొట్టిన పలక మీద దేవుని పటాలు. పద్నాలుగు నెలల కింద ముందు గదికి అద్దాల తలుపు పెట్టించినప్పుడు వాటిని ఇక్కడికి మార్చారు. ప్రతి శుక్రవారం పొద్దున శ్రీనివాసులు భార్య రుక్మిణమ్మ మేడ మీది నుంచి ధూపం పట్టుకొని దిగి వస్తుంది. అందరికీ అన్నం పెట్టేది ఈ మిషన్ అని, పటాల తర్వాత నిస్సీ మానిటర్‌కే మొదటి హారతి. చట్రానికి గంధం, కుంకుమ బొట్లు. పొగ గదంతా పట్టాలని పావుగంట తలుపు మూసి ఉంచుతుంది. కిటికీ లేని గది. ఆ పావుగంట నిస్సీ సంచి పట్టుకొని బయట నిలబడేది. పొమ్మని ఎవరూ అనలేదు. చర్చికి పోయే పిల్ల కనుక తనంతట తనే జరిగేది. పూజ అయ్యాక రుక్మిణమ్మ చిన్న గిన్నెలో శనగ గుగ్గిళ్లు తెచ్చి, “ఇవి దేవుని ముందర పెట్టకముందే తీసి పెట్టినాను పాపా, తిను” అనేది. ప్రతి శుక్రవారం. ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

తెరను ఎవరూ తుడవలేదు. వెనకటికి ఆదిమూలం తడిగుడ్డతో తుడిచి ఒక మానిటర్‌ను చెడగొట్టినప్పటి నుంచి తెరల మీద చెయ్యి వేయకూడదని శ్రీనివాసులు ఆజ్ఞ. బొట్లు పెట్టిన వస్తువును తాకాలంటే నిస్సీకీ బెరుకే. బల్ల తుడిచేది, తెరను వదిలేది. శుక్రవారం తర్వాత శుక్రవారం, పొర మీద పొర. తెర పసుపు తిరిగేకొద్దీ ఆమె ఫోటోకు నీలం కలుపుతూ పోయింది. మసకబారేకొద్దీ వెలుతురు పెంచుతూ పోయింది. కంటికి మాత్రం అంతా సరిగ్గానే ఉండేది.

గుడ్డ తీసి చప్పుడు కాకుండా తుడిచేద్దామా? చెయ్యి సంచిలోని రుమాలు దాకా పోయింది. కానీ రూపేష్ కొలిచింది మురికితో కలిపి. ఇప్పుడు తుడిస్తే ఆ కొలత తప్పిపోతుంది, తెర ఇంకో రకంగా అబద్ధం చెబుతుంది. మళ్లీ కొలవాలి. మళ్లీ కొలవాలంటే అడగాలి. అడగాలంటే ఎందుకో చెప్పాలి. చర్చికి పోయే పిల్ల నోటితో, యజమాని ఇంటి ధూపం తెరను పాడు చేసిందని చెప్పాలి. గుగ్గిళ్లు పెట్టిన చేతిని వేలెత్తి చూపాలి.

బయట రూపేష్ బైకు స్టార్టయిన శబ్దం వినిపించింది.

ఎట్లా పోయిందో ఆమెకే తెలియదు. చెప్పులు కూడా లేకుండా రోడ్డు దాటి బైకు ముందర నిలబడింది.

“అన్నా... ఇంకోసారి పెట్టండి.”

“ఏందమ్మా పెట్టేది?”

“అది. తుడిచి... తుడిచి పెట్టండి.” ఇంకేమీ రాక వేలు చాపింది. ముగ్గురు మగవాళ్లు ఆ వేలిని చూశారు. టీ పోసే మనిషి కూడా చూశాడు.

లోపలికి వచ్చి మచ్చను చూసి శ్రీనివాసులు, “ఏందిది?” అన్నాడు.

“పొగ సార్.”

“ఏం పొగ?”

ఆమె నేల చూసింది. “సాంబ్రాణి సార్. శుక్రవారాలది.”

ఆదిమూలం గట్టిగా నవ్వాడు. “సూసినావా సార్! తప్పు తన కండ్లది కాదంట, మన దేవునిదంట. చెప్పేది ఎవరో సూడు.”

ఆమె దేనికి భయపడిందో అదే మాట.  కెమిస్ట్రీ మేడమ్ ముందు నిలబడినప్పటిలాగే నాలుక బిగుసుకుంది. అయినా ఈసారి ఎదురుగా తెర ఉంది, దాని మీద గీత ఉంది.

“దేవునిది అనలేదన్నా,” అంది.  “పొద్దున్నుంచి సాయంత్రం దాకా దీన్ని చూసేదాన్ని నేను. పద్నాలుగు నెలలు చూస్తా ఉండి కనుక్కోలేదు. తప్పు నాదే. కానీ మానిటర్ ముసలిది కాదు. తుడవనీండి సార్, ఒక్కసారి.”

శ్రీనివాసులు తెర దగ్గరికి జరిగాడు. తన వేలితో తెర అంచున గీసి, వాసన చూసి, రూపేష్ వైపు తల ఊపాడు. రూపేష్ మానిటర్ ఆపి, లెన్సులు తుడిచే గుడ్డకు రెండు చుక్కల మందు అద్ది మెల్లగా రుద్దాడు. తెల్లటి గుడ్డ టీ నీళ్లలో ముంచినట్లయింది. రెండో గుడ్డ, మూడో గుడ్డ. మళ్లీ పరికరం వేలాడదీసి పది నిమిషాలు కొలిచాడు.

“అబ్బా! ఇది కుర్ర మానిటరే సార్,” అన్నాడు.

నిస్సీ ఫోటో తెరిచింది. తెర మీద ప్రసన్నకుమారి నీలంగా కూర్చొని ఉంది. తలంబ్రాలు సున్నంలా ఉన్నాయి. మునిరామయ్య చూసినది ఆమె మొదటిసారి చూసింది. ఇంత నీలమా? ఇంత నీలాన్ని నేను, నా చేత్తో పోసినానా? 

తలుపు దగ్గర గాజుల చప్పుడు. రుక్మిణమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విందో. “వేసింది నేనే కదా,” అని మాత్రం అని మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ మాటలో కోపం ఉందో బాధ ఉందో నిస్సీ సాయంత్రం దాకా తిప్పి తిప్పి చూసింది. తేలలేదు. చేతులు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. ఒక్కో పేజీలో నీలం తగ్గించింది, వెలుతురు దించింది, పసుపును పసుపుగా వదిలింది. మేడెక్కి ఇంటికి పోయే ముందు శ్రీనివాసులు ముందు గది తెరలో అదే పేజీ పెట్టి చూశాడు. లోపలికి వచ్చి చూశాడు. “పంపించెయ్,” అన్నాడు. కౌంటర్ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం చాలదు ఆమెకు. ప్రింటు రావాలి.

శుక్రవారం పొద్దున రుక్మిణమ్మ ధూపంతో వచ్చి గుమ్మంలోనే ఆగింది.

“లోపలికి రావచ్చునా, పాపా?”

తన ఇంట్లో, తన దేవుని దగ్గరికి రావడానికి ఆమె అడుగుతోంది. నిస్సీ గబుక్కున లేచింది. “అట్లా అడగొద్దమ్మా,” అని, ఫోటోలు తీసేటప్పుడు మనుషుల వెనక కట్టే పాత దుప్పటిని గబగబా లాగి మానిటర్ మీద కప్పింది. ఈసారి బయటికి పోలేదు. జారిపోకుండా దుప్పటి అంచులు రెండు చేతులా పట్టుకొని నిలబడింది. రుక్మిణమ్మ చిటికెడు సాంబ్రాణి తీసి, అందులో సగం డబ్బాలోకి వదిలేసి, మిగతాది నిప్పు మీద వేసింది. పటాలకు ధూపం చూపి, దుప్పటి ముసుగుకు హారతి ఇవ్వబోయి ఫక్కున నవ్వింది.

“జ్వరమొచ్చిన మనిషి మాదిరి ఉండాది.” తర్వాత, “కండ్లు మండుతాయి, బయటికి పో పాపా,” అంది.

“పర్వాలేదమ్మా.”

తలుపు మాత్రం ఈసారి తెరిచే ఉంచారు.

సోమవారం మునిరామయ్య వచ్చాడు. శ్రీనివాసులు తిరుపతిలో ఉన్నాడు, ఆదిమూలం ఇంకో పెండ్లికి పోయాడు. కౌంటర్ దగ్గర నిస్సీ తప్ప ఎవరూ లేరు. ఆయన పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు.  ముహూర్తం పేజీ దగ్గర ఆగి, ఫోన్‌తో దాన్ని ఫోటో తీసి కూతురికి పంపబోయి మొగం చిట్లించాడు.

“ఇదేందమ్మా, ఫోన్‌లో మళ్లా ఎర్రగా ఉండాదే? మళ్లా తప్పా?”

లోపలి గదికి పారిపోదామా అనిపించింది ఆమెకు. పోలేదు.

“ఫోన్ దానికి తోచిన రంగు చూపిస్తాది పెద్దాయనా. దాన్ని నమ్మొద్దు. పుస్తకాన్ని గుమ్మం దగ్గర వెలుతురులోకి పట్టుకొని సూడండి.”

ఆయన ఆల్బమ్‌ను గుమ్మంలోకి పట్టుకుపోయి చాలాసేపు నిలబడ్డాడు. తిరిగి వచ్చి తువ్వాలలో చుట్టుకున్నాడు. “ఎవరు చేసినారు ఇది?”

“నేనే. అదీ నేనే, ఇదీ నేనే,” అంది నిస్సీ.

ఆయన ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, తల ఊపి వెళ్లిపోయాడు. కుర్చీ నిలిచింది. సాయంత్రం శ్రీనివాసులు అదే మాట చెప్పాడు కూడా. ఆమె సంతోషపడాల్సింది. పడింది కూడా, ఒక గంట సేపు.

ఆ తర్వాత మొదలైంది. పద్నాలుగు నెలలు. ముప్పై ఒక్క పెండ్లిళ్లు. మొదటివాటిలో నీలం కొంచెం, పోను పోను ఎక్కువ. వెనక్కి వచ్చినవి మూడే. మిగిలినవి ఇళ్లల్లో, బీరువాల్లో ఉన్నాయి. చుట్టాలొస్తే తీసి చూపిస్తూ ఉంటారు. మొగం ఎందుకిట్లా ఉందో తెలియక, తమ పిల్ల రంగే అంతేమో అనుకుంటూ ఉంటారు.

“అందరికీ మళ్లీ వేసిద్దామా సార్?” అని అడిగింది మంగళవారం.

“అడగనోళ్ల తలుపు తట్టి మా పని చెడిందని చెప్పుకుంటామా? ఎవరన్నా వస్తే చేసిద్దాంలే. పని చూడు.”

ఆమె తల ఊపి లోపలికి వచ్చింది. పని చూసింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయినప్పుడు పాత ఫోల్డర్లు తెరిచింది. నాయుడుపేట పెండ్లి ఒకటి, పోయిన వేసవిది. పెండ్లికూతురు పేరు హార్డ్‌డిస్కులో రాయలేదు, తేదీ మాత్రమే ఉంది. నవ్వుతోంది, పెదాల దాకా నీలం. ఎవరూ అడగలేదు, ఎవరూ ప్రింటు వేయించరు. అన్నం డబ్బా మూత తీయకుండానే పక్కకు జరిపి, నిస్సీ ఆ మొగం మీది నీలాన్ని కొంచెం కొంచెంగా తీయడం మొదలుపెట్టింది.